స్ప్రింక్లర్ పైపుల బిగింపులో పతన రక్షణ: పని మొదలవక ముందే వేసుకోవాల్సిన ప్రణాళిక

భవనాల్లో మంటలు ఆర్పే స్ప్రింక్లర్ పైపులు బిగించే ఫిట్టర్ ఒక చోట నిలబడి పని చేయడు. పైపు వరుస ఎటు సాగితే అటు కదులుతూ, తల పైకెత్తి, రెండు చేతులతోనూ బిగిస్తూ ఉంటాడు. అందుకే పతన రక్షణ (ఎత్తు నుంచి పడిపోకుండా కాపాడే) ప్రణాళికను ఎన్ని హార్నెస్‌లు (ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీలు) కొనాలన్న లెక్కతో కాక, పైపుల డ్రాయింగును ముందు పెట్టుకుని మొదలుపెట్టాలి. ప్రతి వరుసకూ పైకప్పు ఎత్తు, కింద నేల ఎలా ఉంది, ఏ సాధనం మీద ఎక్కాలి అన్నవి డ్రాయింగు మీదే రాసుకోవాలి. పైపులు కోయడం, మరలు వేయడం, ఫిట్టింగులు జతచేయడం నేల మీదే పూర్తిచేస్తే పైన గడిపే సమయం బాగా తగ్గుతుంది.

నేల చదునుగా, గట్టిగా ఉన్నచోట సిజర్ లిఫ్టు (నిటారుగా పైకి లేచే వేదిక) మేలు, ఎందుకంటే దాని చుట్టూ ఉన్న రెయిలింగే రక్షణ. అయితే బరువు లెక్క తప్పనిసరి. 4 అంగుళాల షెడ్యూల్ 40 (గోడ మందాన్ని తెలిపే కొలత) ఉక్కు పైపు మీటరుకు సుమారు 16 కిలోలు తూగుతుంది కాబట్టి 6 మీటర్ల పైపు ఒక్కటే 96 కిలోలు. చిన్న లిఫ్టులు చాలావరకు 230 కిలోల దగ్గరే ఆగిపోతాయి. ఇద్దరు మనుషులు, పనిముట్లు ఎక్కాక ఈ పైపు కూడా చేరితే పరిమితి దాటినట్టే. పైపును వేరే హాయిస్టుతో ఎత్తించడం మంచిది. చేయి అందలేదని రెయిలింగు మీద కాలు పెట్టడాన్ని మాత్రం ఎంతమాత్రం అనుమతించకూడదు. బూమ్ లిఫ్టులో (పొడవాటి చేయి చివర బుట్ట ఉండే లిఫ్టు) అయితే బుట్టలోని యాంకరుకు (రక్షణ తాడు తగిలించే గట్టి బిందువు) హార్నెస్ తగిలించి తీరాలి.

ఎక్కువమంది పట్టించుకోనిది కింద మిగిలే ఖాళీ. లాన్‌యార్డ్ (హార్నెస్‌ను యాంకరుకు కలిపే తాడు) పొడవు 1.8 మీటర్లు, పడే కుదుపును తగ్గించే షాక్ అబ్జార్బర్ సాగేది 1.1, వీపు మీది రింగు నుంచి పాదాల దాకా 1.5, అదనపు జాగ్రత్తకు 0.9 కలిపితే యాంకరు కింద 5.3 మీటర్లు కావాలి. పైకప్పే 4.5 మీటర్ల ఎత్తులో ఉంటే, ఆ లాన్‌యార్డ్ ఆపేలోపే మనిషి నేలను తాకే ప్రమాదం ఉంది. అలాంటిచోట తల పైన కట్టిన, దానంతటదే చుట్టుకునే లైఫ్‌లైన్ వాడాలి, లేదా రెయిలింగు ఉన్న సాధనానికి మారాలి.

యాంకరుగా స్ప్రింక్లర్ పైపును గానీ, దాన్ని వేలాడదీసే హ్యాంగరును గానీ వాడకూడదు. స్ప్రింక్లర్ల బిగింపుకు అమెరికా ప్రమాణమైన ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రకారం హ్యాంగరు మోయాల్సింది నీళ్లు నిండిన పైపు బరువుకు అయిదు రెట్లు, దానిపై మరో 114 కిలోలు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనల్లో యాంకరుకు సాధారణంగా అడిగే బలం మనిషికి 22.2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 2,270 కిలోలు. సన్నటి బ్రాంచ్ లైను (స్ప్రింక్లర్లు అమర్చే చిన్న పైపు) హ్యాంగరు దాని దరిదాపుల్లోకి కూడా రాదు. యాంకరు ఎక్కడ పెట్టాలో నిర్మాణ ఇంజనీరు చేత గుర్తు పెట్టించుకోవాలి.

రైజర్ల (అంతస్తుల మీదుగా పైకి వెళ్లే నిలువు పైపుల) కోసం నేలలో వదిలిన రంధ్రాలను కదలని మూతతో కప్పి, దాని మీద హెచ్చరిక రాయాలి. నిచ్చెన చివరి మార్గమే.

ఇక రక్షించే ఏర్పాటు. హార్నెస్‌లో వేలాడుతున్న మనిషికి కాళ్లలో రక్తం నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు కాబట్టి, అగ్నిమాపక దళం వచ్చేదాకా ఆగే వీలుండదు. ఎవరు, ఏ లిఫ్టుతో, ఏ దారిన చేరుకుని దించుతారో పేర్లతో సహా రాసి, పని మొదలయ్యే రోజునే ఒకసారి చేసి చూడాలి. ఆ లిఫ్టు తాళంచెవి నేల మీద ఉండే మనిషి దగ్గరే ఉండాలి.