సీరియల్ పోర్టు లేని ల్యాప్‌టాప్‌తో స్విచ్ కన్సోల్‌ను తెరిచిన విధానం

ఐపీ చిరునామా ఇంకా కేటాయించని ఒక నెట్‌వర్క్ స్విచ్‌ను కన్సోల్ (పరికరాన్ని నెట్‌వర్క్ లేకుండా నేరుగా కేబుల్‌తో అదుపు చేసే మార్గం) ద్వారా అమర్చవలసి వచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు లేనందున యూఎస్‌బీ–సీరియల్ అడాప్టరును ఉపయోగించాను. కన్సోల్ పోర్టు చూడటానికి ఈథర్‌నెట్ సాకెట్‌లాగే ఉన్నా, అందులో నడిచేది ఆర్‌ఎస్-232 (సీరియల్ పోర్టుల ప్రమాణం) సంకేతం కనుక మామూలు నెట్‌వర్క్ కేబుల్ పనికిరాదు. ఆ పరికరానికి తగిన కన్సోల్ కేబులే కావాలి.

డ్రైవర్ వేశాక, విండోస్ డివైస్ మేనేజర్‌లో అడాప్టరు కామ్4 (సీరియల్ పోర్టుకు విండోస్ ఇచ్చే పేరు)గా కనిపించింది. పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాములో ఆ పోర్టును ఎంచుకొని, స్విచ్ మాన్యువల్ ప్రకారం వేగం 9600, డేటా బిట్లు 8, స్టాప్ బిట్ 1, పారిటీ (లోపాలను పట్టే అదనపు బిట్) లేదు అని నింపాను. స్విచ్‌ను ఆన్ చేయగానే బూట్ సందేశాలన్నీ స్పష్టంగా వచ్చాయి గాని, నేను నొక్కిన ఒక్క అక్షరమూ దానికి చేరలేదు. వేగం తప్పయితే తెరపై అర్థంకాని గుర్తులు వచ్చేవి. కాబట్టి కారణం అది కాదు.

లోపం ఎక్కడుందో తేల్చడానికి కేబుల్‌ను తీసివేసి, అడాప్టరు కొసన ఉన్న 2, 3 పిన్నులను చిన్న తీగతో కలిపాను. అవి స్వీకరించే, పంపే పిన్నులు కనుక టైపు చేసినది వెంటనే తెరపైకి తిరిగి రావాలి. పుట్టీ సెషన్‌లో ఫ్లో కంట్రోల్ (ఎప్పుడు పంపాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే అమరిక) ఆర్‌టీఎస్/సీటీఎస్‌గా, అంటే సీటీఎస్ పిన్నుపై అవతలి నుంచి అనుమతి వస్తేనే పంపేలా, ఉన్నంతసేపూ ఏమీ రాలేదు. దాన్ని ‘నన్’ (ఏదీ వద్దు)కు మార్చగానే ప్రతి అక్షరమూ వచ్చింది. సీటీఎస్ పిన్నుకు అవతలి నుంచి అనుమతి సంకేతం అందకపోవడంతో ల్యాప్‌టాప్ పంపడమే నిలిపివేసిందన్నమాట. అడాప్టరును అనుమానించి కొత్తది కొనేముందు ఈ పరీక్ష తప్పక చేయాలని నా గట్టి అభిప్రాయం.

కేబుల్‌ను మళ్లీ తగిలించి ఎంటర్ నొక్కగానే స్విచ్ ప్రాంప్ట్ (ఆదేశం కోసం ఎదురుచూసే గుర్తు) వచ్చింది. అడాప్టరును వేరే యూఎస్‌బీ పోర్టులో పెడితే కామ్ సంఖ్య మారవచ్చు కనుక, ప్రతిసారీ దాన్ని సరిచూసుకోవాలి.