బాలి కొండ ఎక్కేముందు: అనంతపురం నుంచి పోయేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

ఎండాకాలం సెలవులు దగ్గర పడితే నాకు ఫోన్లు మొదలవుతాయి. "బాలికి టికెట్లు తీసుకున్నాం. తెల్లారుజామున ఏదో నిప్పుల కొండ ఎక్కిస్తారంట గదా, పిల్లల్ని తీసుకుపోవచ్చునా?" అని. ఒక్కసారి పోయొచ్చిన పాపానికి నేను మా బంధువర్గంలో అగ్నిపర్వతాల ఆఫీసరునైపోయాను. బెంగళూరు వాళ్ల దేవనహళ్లి విమానాశ్రయం మన హైవే మీదే ఉంది కాబట్టి అనంతపురం వాళ్ల ప్రయాణాలు ఏటేటా పెరుగుతున్నాయి. ఫోన్లో చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నా.

మనకు తెలిసిన అగ్నిపర్వతం వజ్రకరూరుది. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్నుంచి ఎగదన్నిన శిల అక్కడ చల్లారి పడుంది. తొలకరి పడితే జనం వజ్రాలు వెతుక్కునేది ఆ చుట్టుపక్కల నేలలోనే. చచ్చినవాటి మీద సేద్యం చేసుకునేవాళ్లం, బతికున్నదాని గుణం మనకెట్ల తెలుస్తుంది? అందుకే అందరూ లావా గురించే అడుగుతారు. లావా చాలావరకు మెల్లగా పారుతుంది, ముసలివాళ్లు కూడా పక్కకు తప్పుకోవచ్చు. చంపేవి వేరే ఉన్నాయి.

బాలిలో పేరున్నవి రెండు. ఆగుంగ్ మూడు వేల మీటర్లు దాటిన కొండ, దాని ఒడిలోనే బెసాకి గుడి. 1963లో ఆ గుడిలో నూరేళ్లకోసారి చేసే ఏకాదశ రుద్ర ఉత్సవం నడుస్తుండగా ఫిబ్రవరి 18న కొండ లేచింది, మార్చి 17న విరుచుకుపడింది. వెయ్యిమందికి పైగా పోయారు. లావా గుడిని కొద్ది దూరంలో తప్పించుకుని పోయింది. ఎక్కువమందిని చంపింది లావా కాదు, వాలు మీద దొర్లుకుంటూ వచ్చిన వేడి బూడిద మేఘాలు, వాన పడ్డాక దిగిన బురద వరదలు. ఆ మేఘం గంటకు వంద కిలోమీటర్లు మించి వస్తుంది, లోపల వందల డిగ్రీల వేడి. దానిముందు పరుగెత్తడమనే మాటే లేదు.

మీరు ఎక్కబోయేది మాత్రం బహుశా రెండోది, బాతూర్. 1,717 మీటర్లు, మన హార్స్‌లీ హిల్స్ కన్నా ఎత్తు. 1804 నుంచి దాని పేలుళ్లు రాసిపెట్టి ఉన్నాయి, చివరిది 2000లో. 1917లో లావా వచ్చి గుడి వాకిట ఆగిపోయిందని ఊరివాళ్లు అక్కడే కాపురముండిపోయారు. 1926లో గుడినీ ఊరినీ కలిపి మింగింది. ఇప్పుడు బాతూర్ చుట్టూ ఉన్న కింతామణి ప్రాంతంలో మీకు చూపించే గుడి ఆ తర్వాత గట్టు మీదికి మార్చి కట్టుకున్నది.

ఇక అసలు విషయం. కొండ బాగా కోపంగా ఉన్నప్పుడు ఎటూ ఎవరినీ ఎక్కనివ్వరు. 2017 సెప్టెంబరులో ఆగుంగ్ కింద అదురుళ్లు పెరిగితే లక్షమందికి పైగా ఊళ్లు ఖాళీ చేశారు, నవంబరులో అది పేలినా ప్రాణాలు పోలేదు. జనం పోయేది మామూలు రోజుల్లో. జపాన్‌లో ఒంటాకే కొండ 2014 సెప్టెంబరు 27న, శనివారం మిట్టమధ్యాహ్నం కాబోతుండగా పేలింది. అప్పటికి దానికి ఇచ్చిన హెచ్చరిక అన్నిటికన్నా కింది మెట్టు. ఆకురాలే ముందు ఎర్రబడ్డ ఆకులు చూద్దామని ఎక్కినవాళ్లలో 63 మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. సుమత్రాలో మరాపి 2023 డిసెంబరు 3న పేలి 20 మందికి పైగా కొండెక్కినవాళ్లను తీసుకుంది. అక్కడ రెండో మెట్టు హెచ్చరిక ఉంది, కొండ నోటికి మూడు కిలోమీటర్ల లోపలికి పోవద్దనే సలహా కూడా ఉంది. అయినా ఎక్కారు. లోపలి నీళ్లు వేడెక్కి ఆవిరై ఒక్కసారి తన్నుతాయి. కుక్కర్‌కైనా విజిల్ ఉంది, దీనికి లేదు.

కాబట్టి ఇండోనేసియాలో వాడే నాలుగు మెట్లు గుర్తుపెట్టుకోండి: కింది నుంచి పైకి నార్మల్ (మామూలు), వస్పద (జాగ్రత్త), సియాగ (సిద్ధంగా ఉండండి), ఆవాస్ (ప్రమాదం). వాళ్ల ప్రభుత్వం నడిపే మాగ్మా ఇండోనేసియా యాప్‌లో ఏ కొండ ఏ మెట్టు మీదుందో, ఎన్ని కిలోమీటర్ల లోపలికి పోకూడదో ఉంటుంది. ముందురోజు రాత్రి పడుకునేముందు ఒకసారి చూడండి. వస్పద అని ఉంటే ఎక్కొద్దనే నేను చెప్తా, గైడ్ ఎంత నవ్వుతూ "నో ప్రాబ్లం" అన్నా సరే. అతనికి అది కూలి. నార్మల్ అని ఉంటే పోండి, కాని నోరు అంచున గంటల తరబడి కూర్చోవద్దు. సూర్యోదయం చూశారా, ఫోటో తీసుకున్నారా, దిగండి.

బాతూర్ ఎక్కడం తెల్లారుజామున నాలుగింటి ప్రాంతంలో మొదలవుతుంది, దాదాపు రెండు గంటలు. మనవాళ్లు చెప్పులేసుకుని వస్తారు, అదే పెద్ద తప్పు. దారంతా పొడి నల్లకంకర, ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడు కాలు జారుతుంది. మా బామ్మర్ది మోకాలు గీరుకుంది దిగేటప్పుడే. పట్టున్న బూట్లు, తలకు కట్టుకునే లైటు, పైన వణికించే చలికి ఒక స్వెట్టరు తీసుకుపోండి. అనంతపురం మే నెల ఎండలో స్వెట్టరు సర్దుతుంటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి. పదేళ్లలోపు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు జీపు పోయేంత దాకా పోయి చూసొస్తే చాలు.

పైన ఆవిరి వచ్చే బొక్కల్లో గుడ్లు, అరటిపండ్లు ఉడికించి పెడతారు. తినండి, కాని ఆ బొక్కల దగ్గర మోకాళ్ల మీద వంగి ఫోటోలొద్దు. ఆవిరికి చర్మం ఊడొస్తుంది. పల్లంగా, గాలి ఆడని చోట అసలు కూర్చోవద్దు. మనవైపు పాత బావిలోకి దిగేముందు దీపం దించి చూసేవాళ్లు, గుర్తుందా? అదే గాలి ఇక్కడా ఉంటుంది. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గాలికన్నా బరువు, గుంటల్లో పేరుకుంటుంది, వాసన రాదు. జావాలో దియెంగ్ దగ్గర 1979 ఫిబ్రవరిలో ఊరు విడిచి పోతున్న 140 మందికి పైగా దారిలోనే ఆ గాలికి పడిపోయారు. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే అది ఇంకో వాయువు, వెంటనే గాలి వచ్చేవైపుకు జరగండి. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, జేబులో పెట్టుకోండి.

ఒకవేళ పేలితే? వీడియో తీయడానికి ఫోన్ ఎత్తొద్దు. ఒంటాకేలో బండలు ఎగిరొచ్చి కొట్టి పోయినవాళ్లే ఎక్కువ. పెద్ద బండ చాటుకో గుడిసె గోడకో నక్కి, వీపు సంచి తలమీద పెట్టుకుని, ముక్కూ నోరూ మూసుకోండి. రాళ్లు ఆగిన క్షణం గట్టు మీదుగా దిగండి, వంకలోకి మాత్రం దిగొద్దు. ఎండిన వంకలో బండి ఆపితే ఏమవుతుందో రాయలసీమ వాళ్లకు వేరే చెప్పాలా? మబ్బు ఎక్కడో పడుతుంది, నీళ్లు ఇక్కడికొస్తాయి. కొండ పేలి నెలలు గడిచినా ఈ భయం పోదు. మరాపి మీద పేరుకున్న బూడిదను 2024 మే 11న పడిన వాన కిందికి తోసింది. ఆ బురద వరదకు 60 మందికి పైగా పోయారు.

బూడిద అనే మాట మనల్ని మోసం చేస్తుంది. పొయ్యి బూడిద మెత్తన, గిన్నెలు తోముకుంటాం. ఇది నలిగిన రాయి, గాజు. తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల పక్కన నడిచి ఆ బండదుమ్ము పీల్చినవాళ్లకు సగం అర్థమవుతుంది. ఎన్95 మాస్కు నాలుగు పెట్టుకోండి, తడిగుడ్డ తప్పనిసరైతేనే. కళ్లలో లెన్సులు తీసేసి అద్దాలు పెట్టుకోండి, కంట్లో పడితే నలపకుండా నీళ్లు కొట్టండి. కారద్దం మీద పడితే పొడిగా వైపర్ తిప్పొద్దు, గీతలు పడతాయి.

కొండ ఎక్కనివాళ్లకూ తగిలే దెబ్బ ఒకటుంది, విమానం రద్దు. ఆ రాతిపొడి ఇంజిన్ వేడికి కరిగి లోపలే అంటుకుంటుంది. 1982 జూన్ 24న జావా మీద గలుంగ్గుంగ్ కొండ బూడిదలో చిక్కి బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. కిందికి జారుతూ మళ్లీ అంటుకోవడంతో జకార్తాలో దిగగలిగింది. అందుకే బూడిద ఉందంటే మామూలుగా ఎవరూ ఎగరరు. 2017 నవంబరులో బాలి విమానాశ్రయం రెండు రోజులకు పైగా మూతపడింది. 2024 నవంబరులో, మళ్లీ 2025 జూన్, జూలైలో వందల కిలోమీటర్ల అవతల ఫ్లోరెస్ దీవిలోని లెవొతోబి పేలితేనే బాలి విమానాలు ఆగాయి.

అందుకని బీపీ, షుగర్ మాత్రలు ఐదు రోజులకు ఎక్కువ తీసుకోండి. తిరిగొచ్చిన మర్నాడే పెళ్లో పరీక్షో పెట్టుకోవద్దు. ప్రయాణ బీమా టికెట్‌తో పాటే కొనండి, పొగ మొదలయ్యాక కొన్నది ఆ పొగకు సాధారణంగా పనికిరాదు. మూతపడితే విమానాశ్రయంలో పడిగాపులు కాయకుండా హోటల్ గది పొడిగించుకోండి. మరీ తొందరైతే బస్సూ పడవా ఎక్కి జావాలోని సురబయకు పోయి అక్కడినుంచి ఎగరొచ్చు, 2017లో చాలామంది చేసింది అదే. డెన్‌పసార్‌లో మన దేశపు కాన్సులేట్ ఉంది. దాని నంబరు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ అట్టలో పెట్టుకోండి, కొండ మీద ఫోన్ చార్జింగ్ దిగిపోవచ్చు.