షికాగోలో మొదటి చలికాలమా? ఇవి చూసుకోండి

షికాగోలో మంచు చిన్న విషయం కాదండి. 1979 జనవరిలో పెద్ద మంచు తుఫాను వచ్చాక రోడ్ల మీద మంచు సరిగ్గా తీయించలేదన్న కోపంతో, ఆ ఫిబ్రవరి ప్రైమరీలోనే (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) ఓటర్లు మేయర్ మైకేల్ బిలాండిక్‌ను ఓడించి జేన్ బర్న్‌ను గెలిపించారు. అప్పటి నుంచి మేయర్ ఎవరైనా మంచు విషయంలో జాగ్రత్తగానే ఉంటారు.

మీరు ముందు కారు సంగతి చూడండి. డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా కొన్ని మెయిన్ రోడ్ల మీద తెల్లవారుజామున 3 నుంచి 7 వరకు పార్కింగ్ నిషేధం, మంచు పడకపోయినా సరే. కొత్తగా వచ్చిన మన పిల్లలు దెబ్బతినేది ఇక్కడే: ఆకాశం తేటగా ఉంది కదా అని వదిలేసి పడుకుంటారు, పొద్దున చూస్తే కారు ఉండదు, సిటీ వాళ్లు లాక్కెళ్లిపోయి ఉంటారు. రాత్రే స్తంభం మీద బోర్డు చదవండి.

మంచులో కూరుకుపోయిన కారు స్టార్ట్ చేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ ఉన్న మంచు చేత్తోనైనా తీసేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, వాసన కూడా తెలియదు, ప్రాణం పోతుంది. ఇది మాత్రం మర్చిపోకండి, ప్లీజ్.

అద్దె ఇంట్లో హీటింగ్ ఓనర్ చేతిలో ఉంటే, పగలు కనీసం 68 డిగ్రీల ఫారన్‌హీట్, రాత్రి 66 ఇవ్వాలి. ఇవ్వకపోతే మొహమాటపడకుండా సిటీ వాళ్ల ఫిర్యాదుల నంబర్ 311కి ఫోన్ చేయండి. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల తలుపు కూడా ఒకసారి తట్టండి.