కారు బ్యాటరీకి ఏ ఛార్జర్ కొనాలి, ఛార్జింగ్ ఎలా పెట్టాలి?

పది రోజులు ఊరెళ్లి వచ్చి తాళం తిప్పితే టిక్ టిక్‌మని ఆగిపోతుంది, సెల్ఫ్ తీసుకోదు. వెంటనే కొత్త బ్యాటరీకి డబ్బులు పెట్టకండి. ముందు మల్టీమీటర్‌తో చూడండి. బండి ఆపి నాలుగైదు గంటలయ్యాక 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. 12 కంటే తగ్గితే ఆ రోజే ఛార్జింగ్ పెట్టాలి. ఖాళీగా వదిలేసినకొద్దీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత బలం రాదు. రాత్రంతా ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్స్‌లో ఒకటి పోయినట్టే, అప్పుడు మార్చక తప్పదు.

ఛార్జర్ కొనేముందు బ్యాటరీ మీద ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ ఎంత ఛార్జ్ పట్టుకోగలదో చెప్పే) అంకె చూడండి. అందులో పదో వంతు ఆంపియర్లు చాలు: 35 ఏహెచ్‌కి మూడున్నర, 45కి నాలుగు నుంచి ఐదు. త్వరగా అయిపోతుందని 20 ఆంపియర్లది పెడితే బ్యాటరీ వేడెక్కి ప్లేట్లు దెబ్బతింటాయి. నిండగానే తనంతట తానే తగ్గే స్మార్ట్ ఛార్జరే కొనండి. అది 14.4 వోల్టుల దాకా ఎక్కించి, తర్వాత 13.5 దగ్గరికి దిగుతుంది. పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్ ఆగదు. లోపలి నీళ్లు వాయువులుగా విడిపోయి ఎగిరిపోతాయి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే కార్లలో ఏజీఎం బ్యాటరీ (యాసిడ్‌ను గాజుపీచు పొరలు పీల్చి పట్టుకునే రకం) ఉండొచ్చు. లేబుల్ మీద అలా ఉంటే ఛార్జర్‌లో ఏజీఎం మోడ్ తప్పనిసరి.

ఇక ఛార్జింగ్. బానెట్ తెరిచి, గాలి ఆడేచోట పెట్టండి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో సిగరెట్, నిప్పు ఉండకూడదు.

1. ప్లగ్ స్విచ్ ఆఫ్‌లో ఉండగానే ఎర్ర క్లిప్పు ప్లస్‌కి పెట్టండి.
2. నల్ల క్లిప్పు బ్యాటరీకి దూరంగా, ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుప భాగానికి తగిలించండి. నిప్పురవ్వ వచ్చినా బ్యాటరీ దగ్గర పడదు.
3. అప్పుడు స్విచ్ వేయండి. సగం ఖాళీ అయిన 45 ఏహెచ్ బ్యాటరీకి 4 ఆంపియర్ల మీద ఏడెనిమిది గంటలు పడుతుంది.
4. తీసేటప్పుడు ముందు స్విచ్, తర్వాత నలుపు, చివరికి ఎరుపు.

మూతలున్న బ్యాటరీ అయితే ఎండాకాలంలో నెలకోసారి నీళ్లు చూడాలి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ఆర్వో నీళ్లలోనూ ఖనిజాలుంటాయి. ఛార్జింగ్ అయ్యాకే గీత దాకా నింపాలి, ముందే నింపితే యాసిడ్ పొంగి కారుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయండి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూసిన పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక వ్యాజలిన్ రాయండి. మూతలు గట్టిగా బిగించాకే కడగండి.

రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం చాలామందికి అలవాటు. స్టార్టర్ తాగేసింది ఆ ఐదు నిమిషాల్లో తిరిగి నిండదు. వారానికోసారి అరగంటకు తగ్గకుండా నడపండి. నెల రోజులు కదపకపోతే పది నంబర్ స్పానర్‌తో మైనస్ కేబుల్ ఊడదీసి పెట్టండి. గడియారం మళ్లీ సరిచేసుకోవాలి.