మా సిబ్బంది పత్రం అందరూ చదివేలా ఎలా మార్చానంటే

దివ్యాంగులకు సేవలందించే మా సంస్థలో నెలనెలా సిబ్బంది కబుర్లు, ఆరోగ్య చిట్కాలతో ఒక చిన్న పత్రం వస్తుంది. ఆ పని నా చేతికొచ్చాక, తెర మీది రాతను పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ వాడే, చూపు లేని సహోద్యోగి ఒకరు అన్నారు: "మేడమ్, ఎన్‌వీడీఏ పెడితే ఏవో పిచ్చి అక్షరాలు చదువుతోంది. ప్రతిసారీ ఎవరినో చదివి పెట్టమని అడగాల్సి వస్తోంది." చాలా బాధేసింది.

కారణం ఫాంటు. డీటీపీలో అను ఫాంట్లు వాడేవారు. అవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాన్ని తెలుగుగానే గుర్తించే పద్ధతి) కావు. తెర మీద తెలుగే కనిపిస్తుంది కానీ లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది.

మ్యాటర్‌ను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాను. ఒత్తులు కొన్ని చెదిరిపోతాయి, ఓపిగ్గా కూర్చుని దిద్దాల్సిందే. వర్డ్‌లో శీర్షికలకు ఉత్త బోల్డ్ కాకుండా హెడింగ్ స్టైల్ పెట్టాను. అప్పుడు ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో (కీలతో పత్రంలో తిరుగుతూ చదివే పద్ధతిలో) హెచ్ కీ నొక్కుతూ ఒక వార్త నుంచి ఇంకో వార్తకు వెళ్లొచ్చు. ఫొటోలకు ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫొటోలో ఏముందో స్క్రీన్ రీడర్ చదివి చెప్పే చిన్న వివరణ, రాశాను. వాట్సాప్ పోస్టర్ కూడా బొమ్మే కాబట్టి, దాని కింద అదే విషయం టైప్ చేస్తున్నాను.

చిట్కాలూ మార్చక తప్పలేదు. "రోజూ పది వేల అడుగులు నడవండి" అంటే వీల్‌చెయిర్‌లో కూర్చుని పనిచేసేవాళ్లకు ఏం ఉపయోగం? వాళ్లకు కావలసింది ఒత్తిడి పుండ్లు పడకుండా మధ్యమధ్యలో ముందుకీ పక్కలకీ వంగడం, భుజాలను కాపాడుకోవడం. మనుషుల్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చే కేర్‌గివర్లకైతే ముందు బ్రేకులు వేయడం, నడుము కాకుండా మోకాళ్లు వంచడం. ఇప్పుడు ప్రతి చిట్కానూ మా ఫిజియోథెరపిస్టు చూశాకే వేస్తున్నాం.