రేసు మాట రాద్దాం – 4వ పాఠం: తిట్టే ముందు కుర్చీలో ఎవరున్నారో చూసుకోండి

ఈ వారం హెడ్డింగు పెట్టడం నేర్పుతానన్నాను. అది వాయిదా. పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చూశాక ముందుకెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇచ్చింది చిన్న పనే. 2021 డిసెంబరు 17న పారిస్‌లో ఎఫ్‌ఐఏ (ఫార్ములా వన్ లాంటి కారు రేసులకి నిబంధనలు పెట్టే ప్రపంచ సంస్థ) ప్రెసిడెంటుగా మహమ్మద్ బెన్ సులాయెం గెలిచాడు. ఆ సాయంత్రం మీరు ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చున్నారనుకుని, ఒక అభిమానిగా ఆరు లైన్లు రాయమన్నాను. పాలకొల్లు నుంచి, రావులపాలెం నుంచి, ముమ్మిడివరం నుంచి బాగానే వచ్చాయి. కోపం బాగుంది, భాష అంతకంటే బాగుంది. తప్పు మాత్రం అందరూ ముందే కూడబలుక్కున్నట్టు ఒక్కటే చేశారు.

దాని సంగతికి ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పోయినసారి రేస్ డైరెక్టర్‌ని, అంటే రేసు నడిపించే అధికారిని, మన కాలువ లస్కరుతో పోల్చాను. నీళ్లు శివారు చేలకి అందకపోతే లాకు దగ్గరున్న లస్కరుని తిడతాం, వంతులు వేసింది పైవాళ్లు కదా, అలాగే అబుదాబీ రేసుకి డైరెక్టరైన మైకేల్ మాసీని తిట్టేముందు పైన ఎవరున్నారో చూడండి అన్నాను. ఆ రెండో రోజే లాకుల మీద చాలా ఏళ్లు పనిచేసిన ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. "మాస్టారూ, మేము చెప్పిన రోజున చెప్పినంత మేరకే తలుపు ఎత్తేవాళ్లమండీ. మీరు చెప్పినాయన తలుపు తనిష్టం వచ్చినంత ఎత్తాడంట కదా, ఆయనకి మా పేరెందుకు పెట్టారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆయన చెప్పిందే నిజం.

అబుదాబీలో డిసెంబరు 12న జరిగింది గుర్తు చేసుకోండి. ఆ ఏడాది ఫార్ములా వన్ టైటిలు ఆ ఆఖరి రేసులోనే తేలాలి, పోరులో ఉన్న డ్రైవర్లు హామిల్టన్‌కీ వెర్‌స్టాపెన్‌కీ చెరి 369.5 పాయింట్లు. 58 లాపుల రేసు, 53వ లాపులో లతీఫీ అనే డ్రైవరు కారు గోడకి గుద్దింది, అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు ముందుకొచ్చింది. లాపు వెనకబడ్డ కార్లు సేఫ్టీ కారుని దాటిపోవడానికి వీల్లేదని ముందు అన్నారు. కాసేపటికి, ముందున్న ఇద్దరి మధ్యలో ఇరుక్కున్న ఐదు కార్లని మాత్రం దాటి పొమ్మన్నారు. ఆఖరి లాపుకి రేసు మళ్లీ మొదలైంది, కొత్త టైర్ల మీదున్న వెర్‌స్టాపెన్ హామిల్టన్‌ని దాటేసి టైటిలు కొట్టాడు. ఆ ఐదు కార్ల నిర్ణయం పైనుంచి వచ్చింది కాదు, అప్పటికప్పుడు మాసీ తీసుకున్నదే. సేఫ్టీ కారు వాడకం మీద రేస్ డైరెక్టర్‌దే పైచేయి అని నిబంధనల్లో ఉన్న ముక్క పట్టుకుని తీర్పు చెప్పే స్టీవార్డులు హామిల్టన్ జట్టు మెర్సిడెస్ ఫిర్యాదు కొట్టేశారు. కాబట్టి లస్కరు పోలిక రద్దు. లస్కర్లకి క్షమాపణ. (నేను హామిల్టన్ మనిషినని మీకు తెలుసు. ఆ ఆదివారం రాత్రి కొర్రమీను పులుసు కంచంలోనే వదిలేసి లేచిపోయాను, మా ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.)

ఇక మీ తప్పు. మీరు రాసిన వాటిలో రెండు మచ్చుకి.

"అబుదాబీలో ఇంత ఘోరం చేయించి ఇప్పుడు నీతులు చెబుతున్నాడు కొత్త ప్రెసిడెంటు."

"వచ్చీ రాగానే మాసీని పీకేశాడు, శభాష్ సులాయెం గారూ!"

మొదటిది రాసినాయనకి ఒక ప్రశ్న. డిసెంబరు 12న కుర్చీలో ఎవరున్నారండీ? జీన్ టాడ్. 2009 నుంచి పన్నెండేళ్లు ఆయనే. బెన్ సులాయెం అప్పటికి ఓట్లు అడుక్కుంటున్న అభ్యర్థి. పాత సర్పంచి వేయించిన రోడ్డు గుంతపడితే కొత్త సర్పంచిని 'పూడ్చు' అని అడగొచ్చు, 'తవ్వావు' అనకూడదు. రెండోది రాసిన అమ్మాయికి: మాసీని తప్పించినట్టు ప్రకటించింది 2022 ఫిబ్రవరి 17న. ఎన్నికకి సరిగ్గా రెండు నెలల తర్వాత. డిసెంబరు 17 సాయంత్రం అరుగు మీద కూర్చున్న మీకు అదెలా తెలిసింది? అబుదాబీలో జరిగింది మానవ తప్పిదమే కానీ ఫలితం చెల్లుతుందని తేల్చిన ఎఫ్‌ఐఏ రిపోర్టు ఇంకా ఆలస్యంగా, మార్చిలో వచ్చింది. అదీ మీలో నలుగురు వాడేశారు.

నేను రాసేటప్పుడు తేదీని పెన్నుతో అరచేతి మీద రాసుకుంటాను. చిన్నపిల్లాడిలా ఉంటుంది, నవ్వుకోండి, కానీ పని చేస్తుంది. ఆ తేదీ తర్వాత జరిగినది ఏది గుర్తొచ్చినా చెయ్యి చూసుకుని నోరు మూసుకుంటా.

మరి ఆ రోజు రాయడానికి ఏముందంటారా? బోలెడుంది. దుబాయ్ మనిషి, మిడిల్ ఈస్ట్ ర్యాలీ చాంపియన్‌షిప్ పద్నాలుగుసార్లు గెలిచినవాడు, ఐరోపా బయటినుంచి ఆ కుర్చీ ఎక్కిన మొదటివాడు. గ్రాహం స్టోకర్ మీద 61.62 శాతం ఓట్లతో గెలిచాడు. 'స్టీరింగు పట్టుకున్న చెయ్యి వచ్చింది' అని సంతోషించడానికి అది చాలు. అంతకుముందు రోజే బహుమతుల సభ జరిగితే హామిల్టన్ రాలేదు. మొదటి మూడు స్థానాలవాళ్లు రావాలని నిబంధన. కొత్త ప్రెసిడెంటు మొదటి రోజే, నిబంధన తప్పాడేమో చూస్తామన్నట్టు మాట్లాడాడు. హామిల్టన్ అభిమానికి అంతకంటే ఏం కావాలి మండడానికి? పుండు మీద కారం కదా. ఆ కోపం తేదీకి సరిపోయిన కోపం. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని ఫిబ్రవరి నుంచి అప్పు తెచ్చుకున్నారు మీరు.

ఎఫ్‌ఐఏ వేరు, ఫార్ములా వన్ వ్యాపారం చూసుకునే లిబర్టీ మీడియా వేరు అన్నది మళ్లీ చెప్పను, అది మొదటి పాఠం. టిక్కెట్ల ధరకి ప్రెసిడెంటుని తిట్టినవాళ్లు వెనక్కెళ్లి చదువుకోండి.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండించిన సంగతి. అదనంగా రాసి పంపినాయన ఒకరున్నారు, బెన్ సులాయెం మళ్లీ గెలిచిన 2025 ఎన్నిక మీద. "డిసెంబరు 12న తాష్కెంట్‌లో ఏకగ్రీవంగా గెలిచాడంటే రేసు లోకమంతా ఆయన వెనకే ఉన్నట్టు. మరి ఈ అభిమానుల ఏడుపేంటి?" అని. చదివి టీ గ్లాసు పక్కన పెట్టేశా.

ఏకగ్రీవం అనే మాటని మన జిల్లాల్లో పుట్టినవాళ్లు ఇలా వాడటమేంటండీ! 2021లో పంచాయతీ ఎన్నికలు చూడలేదా? ఏకగ్రీవమైతే పంచాయతీకి ప్రోత్సాహకం డబ్బులన్నారు. రామాలయం దగ్గర కూర్చుని మాట్లాడుకుని, నిజంగానే అందరికీ నచ్చిన మనిషిని నిలబెట్టుకున్న ఊళ్లున్నాయి. పొద్దున నామినేషన్ వేస్తానని ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరిన మనిషి మధ్యాహ్నానికి 'మనకెందుకులే' అని ఇంటికొచ్చేసిన ఊళ్లూ ఉన్నాయి. బలపరచడానికి సంతకం పెట్టేవాడు దొరక్క ఆగిపోయినవాళ్లున్నారు. పేపర్లో అన్నిటికీ ఒకటే మాట పడింది: ఏకగ్రీవం. ఆ మాట చెప్పేది ఒక్కటే, బరిలో రెండో మనిషి లేడని. ఎందుకు లేడన్నది ఆ మాటలో ఉండదు, మీరు వెళ్లి కనుక్కోవాలి.

కనుక్కుందాం. ఎఫ్‌ఐఏలో ప్రెసిడెంటుగా ఒక్కడే నిలబడటానికి కుదరదు, తన జట్టు జాబితా మొత్తం ఇవ్వాలి. అందులో క్రీడా విభాగం వైస్ ప్రెసిడెంట్లు ప్రాంతాలవారీగా ఉండాలి. వాళ్లని ముందే ప్రకటించిన అర్హుల పట్టికలోంచే తీసుకోవాలి. ఆ పట్టికలో దక్షిణ అమెరికా నుంచి ఉన్నది ఒకే ఒక్క పేరు, ఫాబియానా ఎకిల్‌స్టోన్. ఆవిడ బెన్ సులాయెం వైపు. ఇంకేముంది, వేరేవాళ్ల జాబితాలో ఆ గడి ఖాళీ. పోటీకి దిగుతానని ప్రచారం కూడా చేసిన టిమ్ మేయర్ అక్టోబరులోనే ఆగిపోయాడు. లారా విలార్స్ అనే స్విస్ డ్రైవరు కోర్టుకెక్కింది. ఎన్నిక ఆపడానికి పారిస్ కోర్టు ఒప్పుకోలేదు.

చూశారా, ఇప్పుడు రాయడానికి మీ చేతిలో పదార్థం ఉంది. "అందరూ ఆయన వెనకే" అని రాయలేరు. అలాగని ఇంకొకరు రాసినట్టు "రిగ్గింగ్" అనీ రాయకూడదు. రిగ్గింగ్ అనాలంటే ఇద్దరు మనుషులు, వాళ్ల మధ్య ఓట్లు ఉండాలి, ఇక్కడ రెండో మనిషే బరిలోకి రాలేదు. "పోటీకి వద్దామనుకున్నవాళ్లకి జాబితా పూర్తి కాలేదు, నిబంధన అలా ఉంది, ఆ నిబంధన నాకు నచ్చలేదు" అనండి. మూడు ముక్కలు, మూడూ నిలబడతాయి, ఎవడొచ్చి గదమాయించినా వెనక్కి తీసుకోనక్కర్లేదు.

ఇంకా అనుమానముంటే వెనక్కెళ్లండి. 2009లో టాడ్‌కి 135 ఓట్లు, ఆరి వటానెన్‌కి 49, అది పోటీ. 2013లో టాడ్ ఒక్కడే. 2017లో మళ్లీ ఒక్కడే. 2021లో పోటీ, 2025లో ఒక్కడే. ఐదింట్లో మూడు పోటీ లేనివే. అంటే ఇది ఈయనతో మొదలైన జబ్బూ కాదు. పైగా ఓటు మీదీ కాదు నాదీ కాదు, డ్రైవర్లదీ కాదు. దేశదేశాల మోటారు క్లబ్బులది, క్రీడా సమాఖ్యలది. క్రీడ వైపు మన తరఫున చెన్నైలో ఉన్న ఎఫ్‌ఎంఎస్‌సీఐ, అంటే మన దేశపు మోటారు క్రీడల సమాఖ్య. సాగునీటి సంఘం ఎన్నికలో భూమి ఉన్నవాడికే ఓటు, కాలువ గట్టు మీద కూర్చుని నీళ్ల గురించి గంటలు గంటలు మాట్లాడేవాడికి ఓటుండదు. మనం గట్టు మీద బాపతు. అందుకే మన గోల అంత పెద్దగా ఉంటుంది, అందులో తప్పేం లేదు. (ఈ పోలికకైనా ఎవరూ ఫోన్ చెయ్యరని ఆశ.)

2009 అంటే గుర్తొచ్చింది. టాడ్ అంతకుముందు ఫెరారీ జట్టుని నడిపినవాడు కాబట్టి, ఇక ఎఫ్‌ఐఏ అంటే ఫెరారీ ఇంటర్నేషనల్ అసిస్టెన్సే అనే పాత జోకు అభిమానులు మళ్లీ బయటికి తీశారు. మంచి జోకే. మొదటిసారి విన్నప్పుడు. మీరు వాడకండి.

ఇంకో మాట త్వరగా చెప్పేస్తా. మనిషి మొత్తం మీద ఒకటే కోపం రాయకండి, సంగతిని బట్టి రాయండి. 2024లో సింగపూర్ ప్రెస్‌మీట్‌లో తన కారుని బూతుమాట అన్నాడని వెర్‌స్టాపెన్‌కి సమాజసేవ శిక్ష వేశారు, రువాండా వెళ్లి అక్కడి కుర్రాళ్లతో చేసొచ్చాడు. ఆ నవంబరులో డ్రైవర్లంతా కలిసి మమ్మల్ని పెద్దవాళ్లలా చూడండి అని బహిరంగ లేఖ రాశారు. అభిమానులు డ్రైవర్ల వైపే. అదే ప్రెసిడెంటు కొత్తగా వద్దామనుకున్న ఆండ్రెట్టి జట్టుని రానివ్వాలని పట్టుబట్టినప్పుడు, 2023లో ఎఫ్‌ఐఏ ఒప్పుకున్నా 2024 జనవరిలో వ్యాపారం చూసుకునేవాళ్లు వద్దన్నప్పుడు, అదే అభిమానులు చాలామంది ఆయన వైపు. పాత వీ10 ఇంజిన్ల మోత తిరిగి తెద్దామని 2025లో మాటెత్తితే చప్పట్లు. ఇది నిలకడ లేకపోవడం కాదు. మా ఇంట్లో మామయ్యని పండక్కి పొగుడుతాం, పొలం గట్టు దగ్గర తిడతాం.

తిట్టు విషయంలో నా పక్షపాతం కూడా చెబుతా. మన దగ్గర వెటకారం ఉండగా బూతు ఎందుకండీ? "ఆయ్, తమరు ఖాళీ బరిలో భలే గెలిచారండీ" అంటే చాలు, ఆ 'అండీ'లోనే అంతా ఉంటుంది. పైగా ఈ ప్రెసిడెంటు బూతులకి జరిమానా వేసే రకం. ఒక నియమం: వెటకారం పక్కనే ఒక తేదీగానీ అంకెగానీ ఉండాలి, లేకపోతే అది ఉత్త నోటి దురద.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే, ఏడవకండి. నాలుగు తేదీలు: 2009 అక్టోబరు 23, 2021 డిసెంబరు 17, 2022 ఫిబ్రవరి 17, 2025 డిసెంబరు 12. ఒక్కోదానికి ఐదు లైన్లు, మొత్తం ఇరవై. ఏ తేదీ కింద రాసినా దాని తర్వాతి సంగతి ఒక్కటి కూడా రాకూడదు. నాలుగింట్లో రెండు మీకు ఇష్టంలేని డ్రైవరు అభిమానిగా రాయాలి, నేను వెర్‌స్టాపెన్ మనిషిగా ఒకటి రాస్తున్నా, చెయ్యి రావట్లేదు. ఏకగ్రీవం అన్న మాట చివరి దాంట్లో ఒక్కసారే, అదీ పక్కన కారణం రాస్తేనే. రాశాక రేసంటే తెలియని మనిషికి, మీ అమ్మగారికో పెద్దమ్మకో, చదివి వినిపించండి. 'ఎవరి మీద నాయనా ఆ కోపం?' అని అడిగితే ఆ ముక్క కొట్టేసి మళ్లీ రాయండి. వచ్చే శనివారం లోపు పంపాలి, ఆదివారం రేసుంది, సాయంత్రం ఆరున్నర తర్వాత నేను ఏదీ చదవను.