ఆస్ట్రేలియా వైన్‌ను రుచి చూసి అంచనా వేయడం

నెల్లూరులో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, రెడ్ వైన్‌ను గది వేడిలో తాగాలన్న మాట ఇక్కడ చెల్లదు. ఫ్రిజ్‌లో ఉంచి 16-18 డిగ్రీలకు తేవాలి. వైట్‌కు 8-12 డిగ్రీలు సరిపోతాయి. చేపల పులుసు తిన్న నోటితో మాత్రం రుచి చూడకూడదు.

గ్లాసులో మూడో వంతు పోసి, తెల్ల పంచె మీదికి వంచి అంచును గమనించండి. రెడ్ లేతదైతే అంచు ఊదాగా, ముదిరినదైతే ఇటుక రంగుగా కనిపిస్తుంది. ఆపై గ్లాసును తిప్పి వాసన చూడాలి. దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోస్సా ప్రాంతంలో షిరాజ్ అనే నల్ల ద్రాక్షతో చేసే రెడ్‌లో నల్లని పండ్లు, మిరియాలు, అక్కడి కూనవారా ప్రాంతంలో క్యాబర్నే అనే మరో నల్ల ద్రాక్షతో చేసే రెడ్‌లో తరచుగా పుదీనా తోస్తాయి. పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్లను పట్టే వగరే టానిన్. అది గరుకుగా ఉందా, మెత్తగా ఉందా అన్నదే రెడ్‌కు అసలు పరీక్ష.

వైట్‌లో పులుపును చూడాలి. దక్షిణ ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీలో రీస్లింగ్ అనే ద్రాక్షతో చేసే వైట్ లేతగా ఉన్నప్పుడు, పొదలకూరు నిమ్మకాయ తొక్కను గోటితో గీరినప్పుడు వచ్చే ఘాటును గుర్తుచేస్తుంది. ఏళ్లు గడిచాక వచ్చే కిరోసిన్ వాసనను దోషమనుకుని పారబోయకండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం బిరడా చెడినట్టే. మింగిన తర్వాత రుచి ఎంతసేపు నిలిచిందో లెక్కపెట్టి రాసుకోండి.